కార్పొరేట్ లాబీయింగ్

కార్పొరేట్ లాబీయింగ్ అనగా ఒక పరిశ్రమ లేదా వ్యాపార సంస్థ తనకు సంబంధించిన చట్టాలు, పన్నులు, ధరలు, అనుమతులు, భూ కేటాయింపులు మొదలైన విషయాలలో ప్రభుత్వ నిర్ణయాలను ప్రభావితం చేయడానికి మంత్రులతోను, శాసనకర్తలతోను, అధికారులతోను జరిపే సంప్రదింపులు. ఈ పనిని సంస్థ తన ఉద్యోగుల ద్వారా గాని, వాణిజ్య మండళ్ళ ద్వారా గాని, రుసుము తీసుకొని పనిచేసే సలహాదారుల ద్వారా గాని చేయవచ్చును.

లాబీయింగ్ స్వతహాగా నేరం కాదు. ప్రభుత్వానికి విన్నవించుకొనే హక్కు సామాన్య పౌరునికి ఉన్నట్లే సంస్థలకు కూడా ఉన్నది. అయితే ఎవరు, ఎవరిని, ఏ విషయమై, ఎంత ఖర్చుతో కలిశారన్నది ప్రజలకు తెలియనప్పుడు ఆ విన్నపానికి ఎదురు వాదన వినిపించే అవకాశం ఇతరులకు ఉండదు. ఈ వివరాలు బహిరంగంగా ఉండే పద్ధతిని పారదర్శక లాబీయింగ్ అని, ప్రజాహితానికి భంగం కలగని రీతిలో జరిగేదానిని బాధ్యతాయుత లాబీయింగ్ అని వ్యవహరిస్తారు. భారతదేశంలో లాబీయింగ్‌ను నమోదు చేసే ప్రత్యేక చట్టం లేదు. కంపెనీల చట్టం, సెబీ నిబంధనలు, విద్యుత్ చట్టం, సమాచార హక్కు చట్టం వంటి వాటిలో దీనికి సంబంధించిన వివరాలు తునకలుగా మాత్రమే లభిస్తాయి.

పదం - పుట్టుక

ఆంగ్లంలో లాబీ అనగా చట్టసభ వెలుపలి వసారా. సభ్యులను కలుసుకోవడానికి వచ్చినవారు అక్కడ వేచి ఉండేవారు కనుక ఆ పనికి లాబీయింగ్ అనే పేరు వచ్చినది. అమెరికా అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ వాషింగ్టన్‌లోని విల్లార్డ్ హోటల్ వసారాలో కూర్చున్నప్పుడు అర్జీదారులు చుట్టుముట్టడం వల్ల ఈ పదం పుట్టినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కాని గ్రాంట్ అధ్యక్షుడు కావడానికి (1869) ముందే ఈ పదం వాడుకలో ఉన్నందువల్ల ఆ కథ సరికాదు.

తెలుగులో దీనికి స్థిరపడిన సమానార్థక పదం లేదు. వాడుకలో దగ్గరగా ఉన్నది పైరవీ. పారసీక మూలం గల ఈ పదానికి అసలు అర్థం అనుసరించడం; ఉర్దూలో ఒక దావాను వెంటపడి నడిపించడం అనే అర్థంలో కూడా వాడతారు. నేటి తెలుగులో పైరవీ అంటే పరపతితో తెరచాటున పని చక్కబెట్టుకోవడం అనే నింద ధ్వనిస్తుంది. దీనికి భిన్నంగా మహజరు, వినతిపత్రం అనే పదాలు బహిరంగంగా, సంతకాలతో సమర్పించే విన్నపాన్ని సూచిస్తాయి. పారదర్శక లాబీయింగ్ లక్ష్యాన్ని స్థూలంగా చెప్పాలంటే, పైరవీని మహజరుగా మార్చడమే.

లాబీయింగ్, విరాళం, లంచం

ఈ మూడింటికీ తేడా ఉన్నది.

లాబీయింగ్‌లో సంస్థ సమర్పించేది వాదన, సమాచారం. నిర్ణయం తీసుకొనేవారికి వ్యక్తిగత లాభం ఏదీ ఉండదు.

రాజకీయ విరాళంలో సంస్థ పార్టీకి ధనం ఇస్తుంది. చట్టం విధించిన షరతులకు లోబడి ఇది అనుమతించబడినది.

లంచంలో నిర్ణయానికి ప్రతిఫలంగా ప్రభుత్వోద్యోగికి అక్రమ లాభం అందుతుంది. ఇది 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం నేరం. 2018లో జరిగిన సవరణ ద్వారా లంచం ఇచ్చిన వాణిజ్య సంస్థను కూడా శిక్షించే వీలు కలిగినది. ప్రభుత్వోద్యోగిని అవినీతికర మార్గాలలో గాని, వ్యక్తిగత పలుకుబడితో గాని ప్రభావితం చేయడానికి అక్రమ లాభం పొందే మధ్యవర్తులకు ఇదే చట్టంలోని 7ఎ సెక్షన్ వర్తిస్తుంది.

ఆచరణలో ఈ హద్దులు ఎప్పుడూ స్పష్టంగా ఉండవు. ఒకే సంస్థ ఒకే సంవత్సరంలో ఒక విధానం కోసం వాదించి, అధికార పార్టీకి విరాళమిచ్చి, ప్రభుత్వ కాంట్రాక్టు పొందినప్పుడు ఆ మూడింటికీ సంబంధం ఉన్నదా లేదా అని తేల్చడానికి తేదీలు, మొత్తాలు, పేర్లు కావాలి. అవి ప్రకటించబడకపోతే నిజాయితీ గల సంస్థ కూడా తన నిజాయితీని రుజువు చేసుకోలేదు.

బాధ్యతాయుత లాబీయింగ్ లక్షణాలు

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2010లో లాబీయింగ్ పారదర్శకతపై పది సూత్రాలను ఆమోదించి, వాటిని 2024లో సవరించినది. వివిధ దేశాల చట్టాలను, కంపెనీల ప్రవర్తనా నియమావళులను పరిశీలిస్తే సాధారణంగా ఈ క్రింది అంశాలు కనిపిస్తాయి.

1. సంస్థ ఏ విధానాలను సమర్థిస్తున్నదో, వేటిని వ్యతిరేకిస్తున్నదో ముందుగా ప్రకటించడం.
2. సంస్థ తరపున ప్రభుత్వంతో మాట్లాడేవారి పేర్లు, ఖర్చు నమోదు చేయడం.
3. సభ్యత్వం ఉన్న వాణిజ్య సంఘాల జాబితా ఇవ్వడం. సంఘం వైఖరి, సంస్థ వైఖరి వేరైనప్పుడు ఆ సంగతి వెల్లడించడం.
4. రాజకీయ విరాళాలను మొత్తంతోను, గ్రహీత పేరుతోను ప్రకటించడం.
5. పదవీ విరమణ చేసిన అధికారులను నియమించుకొనేటప్పుడు విరామ కాలాన్ని పాటించడం.
6. ఈ వ్యవహారాలను డైరెక్టర్ల బోర్డు క్రమంగా సమీక్షించడం.

వీటిలో మూడవది ఆచరణలో కష్టమైనది. సంస్థ తన పేరుతో ఉదారమైన ప్రకటనలు చేస్తూ, తాను చందా కట్టే సంఘం ద్వారా అందుకు విరుద్ధంగా వాదించే అవకాశం ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన గనుల సంస్థ బీహెచ్‌పీ 2017లో తన సభ్యత్వాలను సమీక్షించి, వాతావరణ విధానంపై తన వైఖరితో విభేదిస్తున్న సంఘాలను పేర్కొంటూ నివేదిక ప్రచురించినది. ఆ తరువాత 2018లో ప్రపంచ బొగ్గు సంఘం నుండి వైదొలగినది. ఒక భారీ పరిశ్రమ తన లాబీయింగ్‌ను తానే బహిరంగంగా పరీక్షకు పెట్టిన సందర్భంగా దీనిని ఉదహరిస్తారు.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రభుత్వానికి విన్నవించుకొనే హక్కు రాజ్యాంగపు మొదటి సవరణలో (1791) భాగం. అక్కడ 1946లో మొదటి సమాఖ్య లాబీయింగ్ చట్టం, 1995లో లాబీయింగ్ వెల్లడి చట్టం వచ్చాయి. 2007 సవరణ తరువాత లాబీయిస్టులు మూడు నెలలకొకసారి ఖాతాదారుల పేర్లు, విషయాలు, ఖర్చు తెలుపవలసి ఉన్నది. కెనడాలో 1989 నుండి నమోదు పద్ధతి ఉన్నది. ఐరోపా సమాఖ్య 2011లో ఉమ్మడి పారదర్శకత రిజిస్టరును ప్రారంభించినది. బ్రిటన్ 2014లోను, ఐర్లాండు 2015లోను చట్టాలు చేశాయి. జర్మనీలో లాబీ రిజిస్టరు చట్టం 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది.

భారతదేశంలో

వాణిజ్య మండళ్ళు

భారతదేశంలో పరిశ్రమల వాదన ప్రధానంగా వాణిజ్య మండళ్ళ ద్వారానే ప్రభుత్వానికి చేరుతూ వచ్చినది. అసోచామ్ 1920లో, ఫిక్కీ 1927లో ఏర్పడ్డాయి. సీఐఐ తన ఆరంభాన్ని 1895గా చెప్పుకొంటుంది. హైదరాబాదులో నిజాం కాలంలో 1917లో ఏర్పడిన వాణిజ్య మండలి నేడు తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ళ సమాఖ్యగా కొనసాగుతున్నది. బడ్జెటుకు ముందు ఆర్థిక మంత్రి ఈ మండళ్ళతో సంప్రదించడం ఆనవాయితీ.

టాటా ఉక్కు కంపెనీ దావా (1957)

పెద్ద పరిశ్రమల రాజకీయ ప్రభావం గురించి స్వతంత్ర భారతదేశంలో న్యాయస్థానం చర్చించిన తొలి సందర్భాలలో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ దావా ఒకటి. రాజకీయ పార్టీలకు విరాళాలు ఇవ్వడానికి వీలుగా తన సంస్థాపన పత్రాన్ని (మెమొరాండం) సవరించుకోవడానికి కంపెనీ అనుమతి కోరినది. తమ పరిశ్రమకు అనుకూలమైన ఆర్థిక విధానం గల పార్టీకి తోడ్పడటం వ్యాపార ప్రయోజనమేనని వాదించినది. చట్టంలో నిషేధం లేనందున బొంబాయి హైకోర్టు అనుమతిని ఇవ్వవలసి వచ్చినది. అయితే ధనబలం ప్రజాస్వామ్యాన్ని కమ్మివేసే ప్రమాదం ఉన్నదని ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.ఛాగ్లా తీర్పులో హెచ్చరించి, ఈ విషయాన్ని పార్లమెంటు దృష్టికి తెచ్చారు.

విరాళాల చట్టం

1960లో కంపెనీల చట్టాన్ని సవరించి విరాళాలపై పరిమితి, వెల్లడి నిబంధన విధించారు. 1969లో కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించారు. నిషేధం వల్ల ధనప్రవాహం ఆగకపోగా లెక్కలోకి రాని మార్గాలు పట్టినదన్న విమర్శ వచ్చినది. 1985లో మూడేళ్ళ సగటు నికర లాభంలో 5 శాతం వరకు అనుమతించారు. 2013 నాటి కంపెనీల చట్టం 182వ సెక్షన్ ఈ పరిమితిని 7.5 శాతానికి పెంచి, బోర్డు తీర్మానాన్ని, గ్రహీత పార్టీ పేరుతో లాభనష్టాల ఖాతాలో వెల్లడిని తప్పనిసరి చేసినది.

2017 ఆర్థిక చట్టం పరిమితిని తొలగించినది. పార్టీ పేరు వెల్లడించనవసరం లేదన్నది. 2018 జనవరిలో ఎన్నికల బాండ్ల పథకం ప్రకటించబడినది. అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న ఈ పథకాన్ని, కంపెనీల చట్టంలోని 2017 సవరణలను రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా కొట్టివేసినది.

వాల్‌మార్ట్ వివాదం

2012 డిసెంబరులో పార్లమెంటును స్తంభింపజేసిన వాల్‌మార్ట్ వివాదం భారతదేశంలోని లోటును ఎత్తిచూపినది. ఆ సంస్థ 2008 నుండి లాబీయింగ్‌పై సుమారు 2.5 కోట్ల డాలర్లు వెచ్చించినదని, చర్చించిన అనేక విషయాలలో భారత మార్కెట్టులో ప్రవేశం ఒకటని అమెరికా సెనేటుకు అది స్వయంగా సమర్పించిన నివేదికల ద్వారా తెలిసినది. ఆ చర్చలు అమెరికా ప్రభుత్వంతో జరిపినవేనని సంస్థ వివరించినది. కేంద్ర ప్రభుత్వం 2013లో విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య కమిటీ వేసినది. భారతదేశానికి సంబంధించిన లాబీయింగ్ సమాచారం భారతీయులకు అమెరికా చట్టం వల్ల తెలియవలసి రావడం ఇందులోని విశేషం. అదే సంవత్సరం లోక్‌సభలో సభ్యుడు కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ కార్యకలాపాల వెల్లడికి ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు.

ఏడవ సూత్రం

కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2011లో వ్యాపార సంస్థల బాధ్యతలపై తొమ్మిది సూత్రాల మార్గదర్శకాలు వెలువరించి, 2019లో వాటిని సవరించినది. వీటిలో ఏడవ సూత్రం ప్రకారం ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసే ప్రయత్నాలను సంస్థలు బాధ్యతతోను, పారదర్శకంగాను చేయాలి. ఈ సూత్రాల ఆధారంగా సెబీ 2021 మే నెలలో బీఆర్ఎస్ఆర్ అనే నివేదికా పత్రాన్ని ప్రకటించి, మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000 నమోదిత కంపెనీలకు 2022-23 నుండి తప్పనిసరి చేసినది.

ఏడవ సూత్రం కింద అడిగే వివరాలు రెండు రకాలు. సంస్థకు ఎన్ని వాణిజ్య సంఘాలలో సభ్యత్వం ఉన్నదో, వాటిలో మొదటి పది ఏవో చెప్పడం తప్పనిసరి. సంస్థ ఏ విధానం కోసం వాదించినది, ఏ పద్ధతిలో వాదించినది, ఆ సమాచారం బహిరంగంగా ఉన్నదా, బోర్డు ఎన్నాళ్ళకొకసారి సమీక్షిస్తున్నది అనే ప్రశ్నలు ఐచ్ఛికం. అనగా పౌరునికి ఎక్కువగా ఉపయోగపడే భాగమే సంస్థ ఇష్టానికి వదలివేయబడినది. ఎంత ఖర్చు చేశారు, ఏ మంత్రిని లేదా అధికారిని కలిశారు అనే ప్రశ్నలు పత్రంలోనే లేవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

విద్యుత్ నియంత్రణ మండలి

పరిశ్రమల విన్నపాలను బహిరంగంగా వినే పద్ధతి తెలుగు రాష్ట్రాలలో విద్యుత్ రంగంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం కింద ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 1999లో ఏర్పడినది. మరుసటి సంవత్సరం పెరిగిన చార్జీలకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమం 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసినది. ధరల నిర్ణయం ఎంత తీవ్రమైన ప్రజా సమస్యో ఆ సంఘటన తెలిపినది.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ధరల కోసం దాఖలైన దరఖాస్తును ప్రచురించి, ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన తరువాతనే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. 86వ సెక్షన్ మూడవ ఉపవిభాగం మండలి పారదర్శకంగా పనిచేయాలని ఆదేశిస్తుంది. ఈ పద్ధతిలో కంపెనీ కోరికకు ఒక సంఖ్య, తేదీ ఉంటాయి. అందులోని లెక్కలను రైతు సంఘం గాని, చిన్న పరిశ్రమ గాని, వ్యక్తి గాని ప్రశ్నించవచ్చును. ఉత్తర్వులో కారణాలు వ్రాయవలసి ఉంటుంది. 2023లో మండలి కార్యాలయం హైదరాబాదు నుండి కర్నూలుకు తరలించబడినది.

నంద్యాల ప్రాంతం

నంద్యాల, కర్నూలు జిల్లాల సరిహద్దు ప్రాంతం పెద్ద పరిశ్రమలకు, ప్రభుత్వ నిర్ణయాలకు గల సంబంధాన్ని పరిశీలించడానికి అనువైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో మిడుతూరు, గడివేముల మండలాలు నంద్యాల జిల్లాలో చేరగా, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో మిగిలినది. గడివేముల మండలంలోని గని, ఓర్వకల్లు మండలంలోని శకునాల గ్రామాల పరిధిలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయినది. ఇందులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో జరిగిన పోటీ వేలంలో యూనిట్ ధర 4.63 రూపాయలు పలికినది. నాటికి అది దేశంలో రికార్డు స్థాయి తక్కువ ధర. బహిరంగ వేలంలో సంస్థలు పోటీ పడి ధరను దించుకోవలసి వస్తుంది గనుక తెరవెనుక మంతనాలకు చోటు తగ్గుతుంది.

భూమి విషయంలో పరిస్థితి వేరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద సిమెంటు కర్మాగారాల వంటి వాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. సౌర ఫలకాల విద్యుత్ కేంద్రాలకు ఆ ప్రకటన కింద ముందస్తు అనుమతి అవసరం లేదు గనుక సభ కూడా ఉండదు. పచ్చిక బయళ్ళు, బంజరు భూములు, దారులపై ఆధారపడిన పరిసర గ్రామాలవారికి తమ మాట నమోదు చేయించుకొనే ఒక ముఖ్యమైన వేదిక ఈ విధంగా లేకుండా పోయినది.

నమోదిత సంస్థలకు, నమోదు కాని సంస్థలకు గల తేడా కూడా ఈ ప్రాంతంలో కనిపిస్తుంది. కొలిమిగుండ్ల వద్ద 2022 సెప్టెంబరులో కర్మాగారం ప్రారంభించిన రామ్‌కో సిమెంట్స్ షేరు మార్కెట్టులో నమోదైన సంస్థ కనుక ఏడవ సూత్రం కింద వివరాలు ఇవ్వవలసి ఉన్నది. పిన్నాపురం వద్ద పంప్డ్ స్టోరేజీ, సౌర, పవన విద్యుత్తు కలిపిన భారీ పథకానికి 2022 మే 17న గుమ్మితం తండా వద్ద శంకుస్థాపన జరిగినది. దీనిని చేపట్టిన గ్రీన్‌కో సంస్థ అప్పటికి భారత షేరు మార్కెట్టులలో నమోదు కాలేదు. అటువంటి సంస్థలకు బీఆర్ఎస్ఆర్ తప్పనిసరి కాదు. పథకం ఎంత పెద్దదన్నది కాక, షేర్లు ఎక్కడ అమ్ముడవుతాయన్నదే వెల్లడిని నిర్ణయిస్తున్నది.

2019 విద్యుత్ కొనుగోలు ఒప్పందాల వివాదం

2019 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 63వ నంబరు ఉత్తర్వు ద్వారా పవన, సౌర విద్యుత్ ధరలను తిరిగి చర్చించడానికి ఉన్నత స్థాయి కమిటీని నియమించినది. అధిక ధరల వల్ల పంపిణీ సంస్థలపై (డిస్కంలపై) భారం పడుతున్నదని ప్రభుత్వం వాదించగా, సంతకం చేసిన ఒప్పందాలను తిరగదోడరాదని కంపెనీలు వాదించాయి. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ రాష్ట్ర ముఖ్యమంత్రికి లేఖలు వ్రాశారు. విదేశీ పెట్టుబడులు ఉన్నందున జపాన్ రాయబారి కూడా లేఖ వ్రాశారు.

హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2019 సెప్టెంబరు 24న ఆ ఉత్తర్వును రద్దు చేసి, ధరల విషయాన్ని నియంత్రణ మండలికి నివేదించి, అంతవరకు పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల చొప్పున చెల్లించమన్నది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఒప్పందంలోని ధరలే చెల్లించాలని, బకాయిలను ఆరు వారాలలో తీర్చాలని ఆదేశించినది. న్యాయస్థానంలో ఇరుపక్షాల వాదనలు రికార్డులో ఉన్నాయి. లేఖల సంగతి పత్రికల ద్వారా బయటపడినది. ఆ లేఖలకు ముందు కంపెనీలు ఎవరిని, ఎన్నిసార్లు కలిశాయో నమోదు చేసే పుస్తకం మాత్రం రాష్ట్రంలో గాని, కేంద్రంలో గాని లేదు.

ఎన్నికల బాండ్లు

సుప్రీంకోర్టు ఆదేశంపై 2024 మార్చిలో ఎన్నికల సంఘం బాండ్ల వివరాలు ప్రచురించినది. హైదరాబాదు కేంద్రంగా గల మేఘా ఇంజనీరింగ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్స్ లిమిటెడ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండవ స్థానంలో నిలిచినది. ఇది కూడా షేరు మార్కెట్టులో నమోదు కాని సంస్థయే. 2019 ఏప్రిల్ 12 నుండి 2024 ఫిబ్రవరి 15 వరకు నగదుగా మార్చుకొన్న బాండ్లలో భారతీయ జనతా పార్టీకి సుమారు 6,060 కోట్లు, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీకి 337 కోట్లు, తెలుగుదేశం పార్టీకి 218 కోట్ల రూపాయలు అందాయి.

బాండ్లు కొనడం నాటి చట్టం ప్రకారం నేరం కాదు. విరాళాలకు, కాంట్రాక్టులకు ముడి ఉన్నదన్న ఆరోపణలపై ప్రత్యేక దర్యాప్తు కోరిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 2న తిరస్కరించినది. అయితే ఓటర్లు ఈ వివరాలను ఆయా ఎన్నికలు ముగిసిన తరువాతనే తెలుసుకొన్నారు.

ప్రభుత్వ ఉత్తర్వుల ప్రచురణ

లాబీయింగ్ ఫలితం చివరకు ప్రభుత్వ ఉత్తర్వు (జీఓ) రూపంలో వెలువడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి ఉత్తర్వులను అంతర్జాలంలో ఉంచే ఏర్పాటు ఉండేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఈ పద్ధతిని నిలిపివేయగా, 2024లో అది పునరుద్ధరించబడినది. సమాచార హక్కు చట్టం (2005) 4వ సెక్షన్ ముఖ్యమైన విధానాలకు సంబంధించిన వాస్తవాలను ప్రభుత్వం తనంతట తానే ప్రకటించాలని చెబుతున్నది. వాణిజ్య రహస్యాలకు 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నది. సంస్థలతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను నిరాకరించడానికి అధికారులు ఈ మినహాయింపును చూపవచ్చును. విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నదని భావిస్తే వెల్లడించవచ్చును కూడా.

విమర్శలు, సూచనలు

నమోదు చట్టం తెస్తే లాబీయింగ్‌కు చట్టబద్ధత కల్పించినట్లవుతుందని, ధనిక సంస్థలకే అది మేలు చేస్తుందని కొందరి అభ్యంతరం. రిజిస్టరు ఉన్నంత మాత్రాన అసమానత పోదన్న మాట నిజమే. అమెరికాలో వెల్లడి ఉన్నప్పటికీ ఖర్చు తగ్గలేదు. పరిశ్రమల వైపు నుండి పోటీదారులకు వ్యూహాలు తెలిసిపోతాయన్న ఆందోళన ఉన్నది. పారిశ్రామికవేత్తలే చట్టసభలలో సభ్యులుగా ఉన్నప్పుడు బయటి లాబీయిస్టుల నమోదు ఎంతవరకు ఉపకరిస్తుందన్నది మరొక ప్రశ్న. రాజ్యసభలో సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరుకు నియమావళిలోని 293వ నియమం అవకాశం కల్పించినది.

మంత్రుల, ఉన్నతాధికారుల సమావేశాల దినచర్యను ప్రచురించడం, ఏడవ సూత్రంలోని ఐచ్ఛిక ప్రశ్నలను తప్పనిసరి చేయడం, నమోదు కాని భారీ సంస్థలకు కూడా వాటిని వర్తింపజేయడం, చట్టాల ముసాయిదాలను 30 రోజుల పాటు ప్రజల ముందుంచాలన్న కేంద్ర ప్రభుత్వ 2014 నాటి విధానాన్ని రాష్ట్రాలలోను అమలు చేయడం ఈ రంగంలో చర్చకు వచ్చే సూచనలు. విద్యుత్ నియంత్రణ మండలి ముందు కంపెనీ తన కోరికను అంకెలతో సహా బయటపెడుతున్నది. అదే కంపెనీ సచివాలయానికి వెళ్ళినప్పుడు అటువంటి నియమం ఏదీ లేదు. ఈ రెండు ద్వారాల మధ్య తేడాయే భారతదేశంలో పారదర్శక లాబీయింగ్ చర్చకు మూలం.

ఇవి కూడా చూడండి

సమాచార హక్కు చట్టం
ఎన్నికల బాండ్లు
ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి
అవినీతి నిరోధక చట్టం
నంద్యాల జిల్లా
మిడుతూరు మండలం